ఏడో హెల్మెట్

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను నందిగామ కొట్టు షట్టరు ఎత్తుతున్నాను. ఫోన్ మోగగానే, ఎవరిదో చూడాలంటే భయమేసింది. ఐదు నెలలుగా ఏ ఫోన్ మోగినా నాకు ఇంతే. ముక్కూ మొహం తెలియని గొంతు ఏదో "మీ కొట్లో మా పాపకి హెల్మెట్ కొన్నామండి" అని మొదలుపెట్టి ఏడుస్తుందని భయం. తీరా చూస్తే మా అమ్మ. "అక్క పోయిందే" అంది. ఆ క్షణంలో నాకు ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య, హెల్మెట్ సంగతి కాదు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి, షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటివి దాచుకుంటారు. నేను దాచుకోను. ఎందుకంటే ఆ హెల్మెట్ ఇంకా దొరకలేదు. దాన్ని వెతుకుతూనే మా పెద్దమ్మ పోయింది. ఇది చదివేవాళ్ళలో ఎవరో ఒకరి ఇంట్లో అది ఉండొచ్చు.

పెద్దమ్మ అంటే మా అమ్మకి స్వయానా అక్క. జగ్గయ్యపేటలో హైస్కూలు గ్రౌండు గోడకి ఆనుకుని ఉన్న ఆటసామాన్ల కొట్టు ఆవిడదే. మొదట అది పుస్తకాల కొట్టు. పెదనాన్న ఉన్న రోజుల్లో నోటుబుక్కులూ జామెట్రీ బాక్సులూ అమ్మేవాళ్ళు. ఓ పక్కన తాడుకి నాలుగు రబ్బరు బంతులూ షటిల్ బ్యాట్లూ వేలాడుతుండేవి. పెదనాన్న పోయాక చుట్టాలంతా కొట్టు అద్దెకిచ్చేసి ఇంటిపట్టున ఉండమన్నారు. పెద్దమ్మ అందరికీ తలూపి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి కొట్టు తెరిచింది. "నోటుబుక్కు కొనేటప్పుడు ఎవరి మొహమూ వెలగదే. అదే బంతి చేతికిచ్చి చూడు" అనేది. మూడేళ్ళు తిరిగేసరికి నోటుబుక్కులు వెనక అలమారలోకి పోయి, క్యారంబోర్డులూ క్రికెట్ బ్యాట్లూ వాలీబాల్ నెట్లూ ముందుకొచ్చాయి.

ఇదంతా విని ఆవిడ గొప్ప ధైర్యస్తురాలు అనుకుంటారేమో. నాకు తెలిసినవాళ్ళలో పెద్దమ్మంత పిరికిది ఇంకొకరు లేరు. రోడ్డు దాటాలంటే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకునేది. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేది. అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. తన కొట్లోంచి వెళ్ళిన వస్తువు ఎవరికైనా దెబ్బ తగిలిస్తుందేమోనని.

ఆ భయానికి కారణం ఉంది. ఆటసామాన్లు పెట్టిన తొలి ఏడాదే, పేటలో కాలేజీ చదివే రెడ్డిగూడెం అబ్బాయి ఒకడొచ్చి లెదర్ బంతి కావాలన్నాడు. పెద్దమ్మ తీసిచ్చింది. సెలవుల్లో ఊరెళ్ళి ఆ బంతితో ఆడారు. అంతకుముందు వాళ్ళు ఆడేది మెత్తటి టెన్నిస్ బంతితో. ప్యాడ్లూ లేవు, హెల్మెట్టూ లేదు. బంతి వచ్చి నోటికి తగిలి ఆ అబ్బాయికి ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. సంగతి తెలిసి పెద్దమ్మ బత్తాయిల సంచీ పట్టుకుని బస్సులు మారి రెడ్డిగూడెం వెళ్ళింది. వాళ్ళమ్మ పల్లెత్తు మాట అనలేదట. "మీరు అమ్మారు, వీడు ఆడాడు. మీకేం తెలుసండి" అందట. తిట్టినా బావుండేదని పెద్దమ్మ చివరిదాకా అంటూనే ఉంది. "నిజమే కదే. నాకేం తెలుసు? ఏం తెలుసుకోకుండానే ఇచ్చా" అనేది.

అప్పట్నించీ కొట్లోకి ఎవరొచ్చి ఏమడిగినా ముందు పెద్దమ్మ ప్రశ్న వినాలి. "ఎవరికండీ?" ఆ తర్వాత "ఏ ఊరు? ఏ గ్రౌండు?" జవాబొచ్చాకే చెయ్యి అలమార మీదికి వెళ్ళేది. కొన్నవాళ్ళ పేరూ, ఊరూ, ఆడే గ్రౌండూ ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేది. డబ్బుల లెక్కలు వేరే పుస్తకంలో. ఇది మనుషుల పుస్తకం. కొందరు విసుక్కునేవారు. "బంతి అడిగితే జాతకం అడుగుతారేంటండీ" అని ఒకాయన లేచిపోబోతే, "కూర్చోండి, మజ్జిగ తాగి వెళ్ళండి" అని కూర్చోబెట్టి మరీ రాసుకుంది.

ఆ పుస్తకమే తన వ్యాపారమని ఆవిడకి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. జి.కొండూరు పక్క ఒక ఊళ్ళో వాలీబాల్ గ్రౌండు చుట్టూ ముళ్ళకంప ఉందని పుస్తకంలో ఉంటే, ఆ ఊరికి మందపాటి బంతి ముందే తెప్పించి పెట్టేది. ఫలానా ఊళ్ళో క్రికెట్ పిచ్ గట్టిదని ఉంటే, అక్కడివాళ్ళకి ప్యాడ్లు లేకుండా లెదర్ బంతి ఇచ్చేది కాదు. బడులు తెరిచేముందు తెల్ల కేన్వాసు బూట్లు, చలి మొదలయ్యేసరికి షటిల్ బ్యాట్లు, ఎండాకాలం టోర్నమెంట్లకి కప్పులు. ఏ ఊరికి ఏది ఎప్పుడు కావాలో వాళ్ళకన్నా ముందు ఆవిడకి తెలిసేది. బ్యాటు గ్రిప్పు ఊరికే మార్చి ఇచ్చేది. గ్రిప్పు కోసం వచ్చినవాళ్ళు ఆ బ్యాటు ఎలా ఉందో, గ్రౌండెలా ఉందో చెప్పి వెళ్ళేవారు. కప్పులు కొనడానికి కమిటీవాళ్ళొస్తే "ఓడినవాళ్ళకీ ఒకటి తీసుకెళ్ళండి, వచ్చే ఏడు మళ్ళీ ఆడతారు" అనేది. అది వ్యాపారమో జాలో నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రాదు.

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక కొత్త బ్యాట్లకి అవిసెనూనె రాసి, చెక్కసుత్తితో కొడుతూ కూర్చునేది. లెదర్ బంతికి వాడే బ్యాటుని ముందు అలా కొట్టి గట్టిపరచకపోతే పగులుతుంది. కొన్నవాళ్ళు ఎవరూ ఆ పని ఓపిగ్గా చెయ్యరని తనే చేసి అమ్మేది. టక్, టక్ అని ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. గోడ అవతల గ్రౌండులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఆడుతూ ఉండేవారు, అరుపులు వినిపిస్తూనే ఉండేవి. ఉన్నట్టుండి ఆ అరుపులు ఆగిపోతే పెద్దమ్మ సుత్తి కూడా గాల్లో ఆగిపోయేది. మళ్ళీ అరుపు వినిపించేదాకా చెయ్యి దించేది కాదు. చిన్నప్పుడు నాకది నవ్వులాటగా ఉండేది.

నేను చదువయ్యాక హైదరాబాదులో ఒక పెద్ద ఆటసామాన్ల స్టోరులో పనిచేశాను. అక్కడ కొనేవాళ్ళని ప్రశ్నలడగడం తప్పు. వాళ్ళే తిరిగి, వాళ్ళే తీసుకుని, బిల్లు కట్టి వెళ్ళిపోవాలి. ఎంత తొందరగా వెళితే అంత మంచిది. ఆ చదువంతా నెత్తిన పెట్టుకుని వచ్చి, నందిగామలో రెండో కొట్టు పెడదామన్నాను. పెద్దమ్మ భయపడింది, కానీ కాదనలేదు. అద్దాల తలుపులూ ఏసీ, ఒక మూల జిమ్ము సామాను, ఇంకో మూల ఆడవాళ్ళకి యోగా చాపలూ ట్రాకు సూట్లూ పెట్టాం. మొదటి నెల నుంచే బాగా నడిచింది. తెరిచిన రోజున పెద్దమ్మ మూలన కుర్చీలో కూర్చుని అటూ ఇటూ చూసి, "ఇంత వెలుగులో నాకు మొహాలు కనపడట్లేదే అమ్మాయ్" అంది. అందరం నవ్వాం.

"మనుషుల పుస్తకం ఒకటి ఇక్కడా పెట్టవే" అని ప్రతి గురువారం నందిగామ వచ్చి బస్సు దిగగానే అడిగేది. సరేననేదాన్ని. బిల్లు మిషను ముందు వరసలో ఐదుగురు నిలబడి ఉంటే, ఎవరికండీ, ఏ ఊరండీ అని అడగడానికి నాకు నామోషీగా ఉండేది.

అప్పుడే హైవే పక్కన పెద్ద కంపెనీ స్టోరు ఒకటి వస్తుందని ఊరంతా గుప్పుమంది. నాకు నిద్ర పట్టడం మానేసింది. కొట్టు పోతుందని, అద్దాల తలుపులకి తాళం పడుతుందని భయం. ఆ భయంలోనే వేరే ఊరి వ్యాపారి ఎవరో చవగ్గా ఇస్తానంటే డజను క్రికెట్ హెల్మెట్లు తెప్పించాను. ముదురు నీలం రంగు, చూడ్డానికి దొరబాబుల్లా ఉన్నాయి. వారంలో ఏడు అమ్ముడుపోయాయి.

గురువారం పెద్దమ్మ వచ్చింది. రాగానే అలమారలోంచి ఒక హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొహానికి అడ్డుగా ఉండే కమ్మీలని బొటనవేలితో నొక్కింది. పైన నుదుటి అంచుకీ కమ్మీలకీ మధ్య ఉండే సందులో లెదర్ బంతి పెట్టి తోసింది. మంచి హెల్మెట్‌లో ఆ సందులో బంతి పట్టదు. ఇందులో స్క్రూ కాస్త జారి, కమ్మీలు కిందికి వంగి, బంతి లోపలికి వెళ్ళిపోయింది. కన్నుండాల్సిన చోట ఆగింది.

"ఎన్ని పోయినయ్యే?" అంది.

"ఏడు."

"ఎవరెవరికి?"

నేను బిల్లుల కట్ట తీశాను. అందులో డబ్బులే ఉన్నాయి, పేర్లు లేవు. ఆవిడ నన్ను తిట్టలేదు. రెడ్డిగూడెంలో ఆ తల్లి తననెలా వదిలేసిందో అలాగే వదిలేసింది. అది ఎంత కష్టంగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

మర్నాటి నుంచి వెతకడం మొదలైంది. తోడు ఎవరనుకున్నారు? పళ్ళు పోగొట్టుకున్న ఆ రెడ్డిగూడెం అబ్బాయే. ఇప్పుడాయన జి.కొండూరు దగ్గర ఒక బళ్ళో డ్రిల్లు మాస్టారు. కట్టుడు పళ్ళతో హాయిగా నవ్వుతూ, ఏటా బడికి కావాల్సినవన్నీ పెద్దమ్మ దగ్గరే కొంటారు. ఆయన వాట్సాప్ గ్రూపులన్నిటిలో హెల్మెట్ ఫోటో పెట్టి, ఆడే ప్రతి గ్రౌండుకీ కబురు పంపారు. నాలుగు రోజుల్లో మూడు దొరికాయి. నాలుగోదాని కోసం ఒక ఇంటికి వెళితే, ఆ ఇల్లాలు కాఫీ ఇచ్చి, "బానే ఉంది కదండీ, మావాడికి నచ్చింది, ఇవ్వనంటున్నాడు" అంది. పెద్దమ్మ ఏమీ వాదించలేదు. సంచీలోంచి బంతి తీసి సందులోంచి లోపలికి తోసి చూపించింది. ఆవిడ తన కాఫీ గ్లాసు కింద పెట్టి, హెల్మెట్ తెచ్చి చేతికిచ్చేసింది.

ఐదోది ఒక అకాడమీలో దొరికింది. ఆరోది నందిగామలోనే, మా కళ్ళ ముందే. ఒకాయన దాన్ని పెట్టుకుని స్కూటరు మీద తిరుగుతున్నాడు. ఆపి అడిగితే, "పోలీసులు చూసి నవ్వేసి వదిలేస్తున్నారండీ, బండి హెల్మెట్ కన్నా గాలి బాగా వస్తుంది" అన్నాడు. ఆ రోజు పెద్దమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. చివరిసారి నవ్వడం అదేననుకుంటాను.

ఏడోది దొరకలేదు. అది కొన్నాయన నాకు గుర్తున్నాడు. గుర్తుండటమే నా ప్రాణానికొచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఎదురుగా లారీ ఆపి, ఇంజను కూడా ఆపకుండా లోపలికి పరిగెత్తుకొచ్చాడు. "మా పాపకండీ. టీములో తీసుకున్నారు" అన్నాడు. నేను అడక్కుండానే సగం చెప్పాడు. ఏ ఊరండీ అని ఒక్క మాట అంటే మిగతా సగమూ చెప్పేవాడు. నేను బిల్లు మిషను వంక చూస్తున్నాను. డబ్బిచ్చి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయాడు. కెమెరా రికార్డింగు చూద్దామనుకునేసరికి అది చెరిగిపోయింది.

లారీ అనగానే పెద్దమ్మ గరికపాడు వెళతానంది. అక్కడి చెక్‌పోస్టు దగ్గర, లారీలన్నీ ఆగే ఒక ధాబాలో, పొద్దున్నించి ఎండ ఎక్కేదాకా కూర్చునేది. వారానికి మూడు రోజులు, ఒళ్ళో నీలం హెల్మెట్, చేతిలో బంతి. టీ తాగడానికి ఆగిన ప్రతి డ్రైవరునీ అడిగేది. హిందీ రాదు. తెలుగు తెలియనివాళ్ళొస్తే బంతిని సందులోంచి లోపలికి తోసి, ఒక కన్ను చేత్తో మూసుకుని చూపించేది. ఒకసారి నేను వెళ్ళేసరికి, ఎక్కడివాడో ఒక ముసలి డ్రైవరు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, హెల్మెట్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నాడు. ఆవిడ సొంత పిల్లకే ఏదో అయిందనుకున్నాడట.

డాక్టరు తిరగొద్దన్నారు. బీపీ ఒకచోట నిలవడం లేదు. నేను ఏడ్చాను.

"పెద్దమ్మా, ఆ పాప ఏ రాష్ట్రంలో ఉందో ఏంటో. ఇంక వదిలెయ్."

"నువ్వు వదిలేశావా?"

"లేదు."

"భయం వేస్తుందా?"

"ఫోన్ మోగితే చాలు, చేతులు చల్లబడిపోతున్నాయి."

"వెయ్యనీ" అంది. "కొట్లో కూర్చునే మనిషికి ఆ మాత్రం భయం ఉండాలే. నువ్వు ఇన్నాళ్ళూ కొట్టు ఏమైపోద్దోనని భయపడ్డావ్. ఇప్పుడు ఆ పిల్ల ఏమైపోద్దోనని భయపడుతున్నావ్. ఇదే ఉంచుకో."

రెండు వారాల తర్వాత ఒక పొద్దున గరికపాడు వెళ్ళడానికి చీర మార్చుకుని, కాఫీ తాగుతూ అలాగే గోడకి జారబడిపోయిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకపోయింది. ఆ వెతుకులాట లేకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేదేమో. కాదని మా అమ్మ అంటుంది, డాక్టరు కూడా అన్నారు. వాళ్ళ మాట వింటాను గానీ నమ్మడం నావల్ల కావడం లేదు.

ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎంతమంది వచ్చారో. కోచ్‌లూ, టోర్నమెంటు కమిటీలవాళ్ళూ, ఎప్పుడో ఆడి మానేసి పొట్టలొచ్చినవాళ్ళూ. ప్రతివాళ్ళూ ఒకటే చెప్పుకున్నారు. "నన్ను ఫలానా రోజు ఎవరికండీ అని అడిగింది" అని. విసుక్కున్నవాళ్ళే ఎక్కువ గుర్తు పెట్టుకున్నారు. డ్రిల్లు మాస్టారు గేటు దగ్గర నిలబడి, నేను బయటికొచ్చినప్పుడు "సోమవారం గరికపాడు నేను వెళతానండి" అన్నారు. వెళుతున్నారు.

కర్మలన్నీ అయ్యాక జగ్గయ్యపేట కొట్టు నేనే తెరిచాను. గల్లాపెట్టె పక్కన మనుషుల పుస్తకం ఉంది. మధ్యలో పెన్ను పెట్టి మూసి ఉంది. అక్కడ తెరిస్తే పైన "నీలం హెల్మెట్లు, నందిగామ" అని పెద్దమ్మ చేతిరాత. కింద ఏడు వరసలు. ఆరింట్లో పేరూ, ఊరూ, గ్రౌండూ ఉన్నాయి. స్కూటరాయన పేరు పక్కన గ్రౌండు అని ఉండే చోట "బజారు" అని రాసింది. ఏడో వరసలో "పాప" అని ఒక్క మాట రాసి, మిగతా జాగా వదిలేసింది.

ఆ పెద్ద కంపెనీ స్టోరుకి పోటీగా హైవే మీద మూడో కొట్టు పెడదామని నేను చూసుకున్న స్థలం ఇప్పుడు వద్దని చెప్పేశాను. నందిగామలో బిల్లు మిషను పక్కన ఇప్పుడు ఒక పొడుగాటి పుస్తకం ఉంది. వరస పెరిగితే పెరుగుతుంది. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటున్నారు. మొదటిరోజు "ఎవరికండీ?" అని అడిగేటప్పుడు నా గొంతు వణికింది, ఎదుటాయన మంచినీళ్ళు కావాలా అమ్మా అని అడిగాడు.

అందుకని చదువుతున్న మీకు నా మనవి. మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో, మీ బడి సామాన్ల గదిలోనో ముదురు నీలం క్రికెట్ హెల్మెట్ ఉంటే ఒకసారి తీయండి. నుదుటి అంచుకీ కమ్మీలకీ మధ్య లెదర్ బంతి పెట్టి తోయండి. లోపలికి పోతే, ఇంక ఎవరినీ అది పెట్టుకోనివ్వకండి. మా కొట్టుకి తెచ్చిస్తే బదులుగా మంచి హెల్మెట్ అక్కడికక్కడే ఇస్తాం. అంత దూరం రాలేకపోతే దాన్ని మీరే విరగ్గొట్టి పారేయండి. కాకపోతే ఆ పాప పేరేంటో, ఏ ఊరో, ఏ గ్రౌండులో ఆడుతుందో మాకు కబురు చెయ్యండి. రాసుకోవాల్సిన జాగా ఉంది.

మధ్యాహ్నాలు ఇప్పుడు నేనే బ్యాట్లు కొడుతున్నాను. చెక్కసుత్తి పిడి పెద్దమ్మ పట్టుకున్న చోట నున్నగా అరిగి ఉంది, నా వేళ్ళు తిన్నగా అక్కడికే వెళతాయి. గోడ అవతల ఎవరో ఆడుతున్నారు. ఇంతసేపూ ఒకటే గోల. ఇదిగో, ఇప్పుడే ఉన్నట్టుండి ఆ గోల ఆగిపోయింది. సుత్తి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను.